మార్జీ బడి, కమలిని ఉత్తరం

సీబీఎస్ఈ తొమ్మిదో తరగతి ఇంగ్లీషు వాచకం ‘బీహైవ్’లో ఏళ్ళ తరబడి మొదటి పాఠంగా ఉన్నది ఐజాక్ అసిమోవ్ 1951లో రాసిన ‘ద ఫన్ దే హ్యాడ్’. బహ్రెయిన్‌లో, మనామా నగరపు నయీమ్ వంటి పేటల్లో పెరిగి భారతీయ పాఠశాలలకు వెళ్ళే తెలుగు పిల్లలకు డిస్టోపియా సాహిత్యంతో తొలి పరిచయం చాలావరకు ఈ చిన్న కథతోనే. కథాకాలం 2157. పదకొండేళ్ళ మార్జీకి ఇంట్లోనే బడి, యంత్రమే ఉపాధ్యాయుడు. టామీకి దొరికిన ఒక పాత అచ్చు పుస్తకం వల్ల, ఒకప్పుడు పిల్లలంతా ఒకచోట కూడి చదువుకునేవారని ఆమెకు తెలుస్తుంది.

యంత్రం కంటే మనిషి మేలన్న నీతితో ఈ పాఠాన్ని ముగించడం సులభం. కాని 2020 ఫిబ్రవరి చివర బహ్రెయిన్‌లో బడులు మూతపడినప్పుడు తెర మీద పాఠం చెప్పినవారు మనుషులే. అయినా పిల్లలకు లోటు తెలిసింది. కాబట్టి మార్జీ పోగొట్టుకున్నదేమిటో కథలోనే మరికాస్త జాగ్రత్తగా వెతకాలి. భూగోళం పాఠాల వేగం ఆమెకు మించిపోయినప్పుడు ఇన్‌స్పెక్టరు వచ్చి యంత్రాన్ని సరిచేస్తాడు. తప్పు పిల్లది కాదని తల్లికి చెప్తాడు. పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. యంత్రం ఆమెను క్షణంలో కొలిచి మార్కులు వేస్తుంది. దాన్ని కొలిచే అవకాశం ఆమెకు లేదు. చదువుకునేవారి మాట చదువు చెప్పేవారికి చేరే దారి మూసుకుపోవడమే ఆ లోకపు అసలు వైకల్యం.

ఆ దారి తెరిచి ఉంటే ఏమవుతుందో చూపే కథ మనకు ఉంది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. బండారు అచ్చమాంబ 1902 నాటి ‘ధనత్రయోదశి’ దానికంటే ముందుది కనుక, తొలి కథ ఏదన్న చర్చను తరగతి గదిలోకి లాగనక్కరలేదు. స్త్రీవిద్యను మెచ్చే గోపాలరావు సానిపాట విని రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరతాడు. భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. అతడు గొప్పదని పొగిడిన విద్యే అతడి తప్పును ఎత్తి చూపుతుంది. ఓనమాలు దిద్దే పిల్లలకూ, జవాబు పత్రాలు దిద్దే గురువులకూ మనం ఒకే క్రియ వాడతాం. గురజాడ ఆ క్రియను భార్య చేతికిచ్చాడు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి బోధించాలన్నది నా ప్రతిపాదన. గల్ఫ్‌లో పెరిగిన పిల్లలు తెలుగు లిపి చదవలేరన్నది న్యాయమైన అభ్యంతరమే. అయితే ‘దిద్దుబాటు’ సంభాషణలు వాడుక మాటల్లో నడుస్తాయి. తెలుగు వంటింటి వరకే పరిమితమైన పిల్లలు కూడా, పెద్దలు పైకి చదివి వినిపిస్తే కథను అందుకోగలరు. నౌకరు రాముడి మాట కొందరికి తాతగారి ఊరిని గుర్తుచేయవచ్చు. వాడుక భాష కోసం గురజాడ చేసిన పోరాటానికి ఇంత దూరాన, ఇన్నేళ్ళకు దక్కే ఫలం అది.

‘దిద్దుబాటు’ను మచ్చలేని కథగా చూపడం మాత్రం తగదు. గోపాలరావు ఎవరి పాట వినడానికి వెళ్ళాడో ఆమె కథలో ఎక్కడా మాట్లాడదు. ఆమెను తప్పించుకోవలసిన ఆకర్షణగానే చూసింది ఆనాటి సంస్కరణ దృష్టి. పద్నాలుగేళ్ళ విద్యార్థి ఆమె వైపు నుంచి ప్రశ్న వేస్తే, సిలబస్‌లో లేదని దాటవేయరాదు. మార్జీకి దక్కని అవకాశం ఆ ప్రశ్నలోనే ఉంది. గురజాడ కథను కూడా దిద్దవచ్చునని పిల్లలకు తెలిసిన రోజున పాఠం పూర్తయినట్టు.