స్వవిషయమూ – సాహిత్య విషయమూ

మా కళాశాల విద్యార్థులు తమ సంచికకు నాచేత ఒక వ్యాసం రాయించుకొని, వెళుతూ వెళుతూ ఒక కాగితం చేతిలో పెట్టారు. రచయితలందరూ తమను గురించి పాఠకులకు తెలియని విషయాలు పదేసి రాసివ్వాలట. ఏ విషయాలైనా సరే, ఒకదానికొకటి పొంతన ఉండనక్కరలేదు. ఇష్టమైన కూర, భయపడే జంతువు, చేతివాటం ఎడమా కుడా. వ్యాసం సంగతి వాళ్లు మళ్లీ ఎత్తలేదు. ఈ పది ముక్కల కోసం మాత్రం రెండుసార్లు ఇంటికి వచ్చారు.

నేనుండేది మలక్‌పేట. ఇక్కడి గుర్రప్పందేలకు ఒక పుస్తకం అమ్ముతారు. అందులో ప్రతి గుర్రానికీ వయస్సెంత, తల్లిదండ్రులెవరు, ఎంత బరువుతో పరుగెత్తుతుంది, వెనకటి పందేల్లో ఎన్నోదిగా వచ్చింది, అన్నీ ఉంటాయి. డబ్బు కాసేవాడికి వాటిలో ఒక్క ముక్క అనవసరం కాదు. మరి రచయితకు కాకరకాయ కూర ఇష్టమని తెలిస్తే పాఠకుడు దేనిమీద ఏమి కాస్తాడు?

ఇందుకు మనవాళ్ల దగ్గర సిద్ధంగా ఒక సమాధానం కద్దు. ఇదంతా బూర్జువా వ్యక్తివాదం, స్వోత్కర్ష. అభ్యుదయ రచయితకు వ్యక్తిగతమంటూ వేరే ఏమీ లేదు అని. తరగతిలో నేనూ ఈ మాట పలుమార్లు చెప్పాను. ఇప్పుడు చెప్పబుద్ధి కావటం లేదు. ఎందుకంటే ఈ సూత్రాన్ని నమ్మి మనం పోగొట్టుకొన్నది కొంత ఉన్నది.

కందుకూరి వీరేశలింగంగారి స్వీయచరిత్రమే చూడండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారని ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. వెలివేతకు భయపడి పనివాళ్లు ఇల్లు విడిచిపోతే రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుంచి స్వయంగా నీళ్లు మోసుకొచ్చారన్నది ఇంటి సంగతి. వెలి అంటే ఏమిటో మొదటిదానికన్నా ఈ రెండవదే ఎక్కువ చెబుతుంది. దీన్ని వ్యక్తిగతమని కొట్టివేస్తే సంఘసంస్కరణలో మిగిలేది తేదీలూ ఉపన్యాసాలే.

ఐతే ఇంటి సంగతి కనబడిన ప్రతిచోటా అది సామాజిక సత్యం అయిపోతుందా? కాదు. శ్రీశ్రీ ‘అనంతం’ను నేను మూడుసార్లు చదివాను. 1970లలో ధారావాహికగా వచ్చిన ఈ రచనకు ఆయన ‘ఆత్మచరిత్రాత్మక నవల’ అని పేరు పెట్టారు. ఆ పేరులోనే చిక్కున్నది. ఆత్మచరిత్ర అనటంవల్ల ఇదంతా నిజమని మనం నమ్మాలి. నవల అనటంవల్ల ఇది నిజమేనా అని అడగటానికి వీల్లేదు. రెండు హక్కులూ రచయితకే, పాఠకుడికి ఒక్కటీ లేదు. తాగుడును గురించీ, స్త్రీలను గురించీ తెలుగులో అప్పటికెవరూ చెప్పుకోనంత బాహాటంగా చెప్పారనీ, అంచేత అది మహా నిజాయితీ అనీ మన విమర్శకులు మెచ్చుకొన్నారు. ధైర్యం లేదని నేననను. మధ్యతరగతి మర్యాదను లెక్కచేయకపోవటం చిన్న విషయం కాదు. కాని ఆ ధైర్యానికి ఖరీదు చెల్లించింది ఎవరు? మహాకవికి తన బలహీనత చెప్పుకొంటే కీర్తి తగ్గదు, ఇంకో మెట్టు పెరుగుతుంది. ఆ కథలో వచ్చిపోయే ఆడవాళ్లకు ఆ సౌకర్యం లేదు. జవాబు చెప్పుకోవటానికి వాళ్ల చేతిలో పత్రిక లేదు. నన్ను శ్రీశ్రీ ద్రోహి అనేవాళ్లు అంటారు గాక. ఆయన కవిత్వం మీద నాకున్న ప్రేమకూ దీనికీ సంబంధం లేదు.

దీనికి పక్కన కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ పెట్టి చదవాలి. 1918లో పుట్టిన ఆమె ఆ పుస్తకాన్ని 2012లో, తొంభై దాటిన వయస్సులో వెలువరించారు. బాల్యవితంతువు, పునర్వివాహం, పార్టీ, రహస్యజీవితం. ఆ తరువాత భర్త విడిచిపోవటం, ముప్ఫై దాటిన వయస్సులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదవటం, కాకినాడలో ఆడపిల్లల హాస్టలులో మేట్రన్ ఉద్యోగం, కన్నబిడ్డలిద్దరినీ పోగొట్టుకోవటం. ఇందులో ప్రతి ఒక్కటీ మన లెక్కలో వ్యక్తిగతమే. ఆమె భర్త కొండపల్లి సీతారామయ్యగారిని గురించి, ఆయన రాజకీయాలను గురించి మనం ఎన్ని కాగితాలు ఖర్చుచేశామో! హాస్టలు మేట్రను మాత్రం మన చరిత్రలో ఎక్కడా లేదు. ఆమె రాసేదాకా లేదు. ఆమె గొంతు పెంచరు, ఎవరినీ బోనులో నిలబెట్టరు. అక్కడక్కడా కొంచెం గట్టిగా మాట్లాడితే బాగుండునని కూడా నాకు అనిపిస్తుంది.

అంతకుముందే, 1986లో, స్త్రీశక్తి సంఘటనవారు ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు చెప్పుకొన్న మాటలవి. అడవిలో దళంతో తిరుగుతూ పసిబిడ్డను పరాయివాళ్ల చేతుల్లో పెట్టవలసివచ్చిన తల్లి మాట అందులో ఉన్నది. పోరాట చరిత్రలు ఎకరాలు లెక్కపెట్టాయి, గ్రామాలు లెక్కపెట్టాయి. ఈ లెక్క వాటిలోకి రాలేదు. రాసినవాళ్లు చెడ్డవాళ్లు కావటంవల్ల కాదు, ఇది రాయదగిన విషయమని తోచకపోవటంవల్ల. ఆ తోచకపోవటాన్నే మనం చాలాకాలం సిద్ధాంతమని పిలిచాం.

కనుక స్వవిషయం చెప్పవచ్చునా కూడదా అన్నది తప్పు ప్రశ్న. దాచుకొంటే లాభమెవరికి, చెబితే నష్టమెవరికి అని అడగాలి. కాకరకాయ కూర చెబితే ఎవరికీ నష్టం లేదు. అందుకే అది అంత తేలికగా నోటివెంట వస్తుంది. పైగా అది పాఠకుడికి రచయితతో చుట్టరికం కలిసినట్టు భ్రమ కలిగిస్తుంది. చుట్టమైనవాడి రచనను విమర్శించటం కష్టం కదా.

ఇంతా చెప్పి, నేనూ ఆ కాగితం నింపాను. పది రాసి, తొమ్మిది కొట్టివేశాను. మిగిలిన పదవది ఇది: నేను ఎం.ఏ. చదివిన రెండేళ్లూ మా అక్క మలక్‌పేట గంజిలో ఉల్లిగడ్డలు ఏరి నా గది అద్దె కట్టింది. రాసిన తరువాతగాని తట్టలేదు, ఈ విషయం నాది కాదని. చదువు నాది, ఉల్లిగడ్డలు ఆమెవి. అనంతం మీద పైన నేను చేసిన ఫిర్యాదు నా కాగితం మీదికే వచ్చి కూర్చున్నది.

ఆదివారం నాడు అక్కకు చదివి వినిపించాను. “నా ముచ్చట పుస్తకంల ఎందుకురా తమ్మీ?” అన్నది. కాసేపాగి, “రెండేండ్లు కాదు, మూడేండ్లు. నీకు కొలువు దొరికేదాక ఏరిన,” అన్నది. రాయమన్నదో వద్దన్నదో నాకింకా తెలియలేదు. రెండును కొట్టి మూడు అని దిద్దాను. కాగితం బల్లమీదే ఉన్నది. పిల్లలు మళ్లీ సోమవారం వస్తామన్నారు.