దీవిలో లైన్ నాడి

ప్రోతరాపూర్‌లో ఏదో ఆఫీసు. పొద్దున పదిన్నర. "సార్, నెట్ స్లోగా ఉంది" అని పక్క గదిలోంచి ఓ కేక. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ముందు కొట్టే కమాండ్ పింగ్. చెన్నైలోని ఓ సర్వర్‌కి చిన్న ప్యాకెట్ పంపి, జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెప్పడమే దాని పని. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) పొరుగునే ఉన్న ఈ ఊళ్లో ఆ ఒక్క అంకెకి చాలా అర్థం ఉంది.

కొన్నేళ్ల కిందటి దాకా ఈ అండమాన్ నికోబార్ దీవుల డేటా అంతా ఉపగ్రహం మీదుగానే నడిచేది. భూస్థిర ఉపగ్రహం ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. ప్రశ్న అంత దూరం ఎక్కి దిగాలి, జవాబూ అలాగే ఎక్కి దిగాలి. కాంతి వేగంతో పరిగెత్తినా అర సెకను ఖర్చు. 2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, రంగత్, కార్ నికోబార్ మొదలుకొని క్యాంప్‌బెల్ బే దాకా, మొత్తం సుమారు 2,300 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై దాకా 1,400 కిలోమీటర్లు అనుకుంటే, పోయి రావడానికి కనీసం 14 మిల్లీసెకన్లు. మధ్యలో రౌటర్లు తినే కాలం దానికి అదనం.

కాబట్టి రోజూ ముప్ఫై లోపు వచ్చే పింగ్ ఉన్నట్టుండి 600కి ఎగిరితే, ట్రాఫిక్ కేబుల్ వదిలి ఆకాశమార్గం పట్టిందేమోనని కుర్చీలోంచి లేవకుండానే అనుమానించవచ్చు. అయితే ఒక షరతు. రోజూ ఎంత వస్తుందో ముందే తెలిసి ఉండాలి. నాడి చూసే వైద్యుడికి ఆరోగ్యంగా ఉన్నవాడి నాడి తెలియకపోతే రోగి నాడి ఏం చెబుతుంది?

పింగ్‌ని 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ రాశాడు. జలాంతర్గాముల సోనార్ చేసే చప్పుడే దానికి పేరయింది. కొన్నేళ్ల తర్వాత వ్యాన్ జేకబ్సన్ ట్రేస్‌రూట్ రాశాడు. అందులోని కిటుకు చూడండి. ప్రతి ప్యాకెట్ నుదుటన ఓ అంకె ఉంటుంది. దారిలో ప్రతి రౌటరూ అందులోంచి ఒకటి తగ్గిస్తుంది. ఎవరి చేతిలో సున్నా అయితే వాళ్లు ప్యాకెట్‌ని పారేసి, "నా దగ్గర ఆగిపోయింది" అని కబురు పంపుతారు. అంకెని 1, 2, 3 అని పెంచుతూ పంపితే దారిలోని మజిలీలన్నీ ఒక్కొక్కటే పేరు చెప్పుకుంటాయి. ఇదే పనిని ఆపకుండా చేస్తూ లెక్క కట్టేది ఎమ్‌టీఆర్.

దాన్ని చదవడంలోనే పనితనం ఉంది. నాలుగో మజిలీ దగ్గర 60 శాతం ప్యాకెట్ లాస్, ఆఖరి సర్వర్ దగ్గర సున్నా అని చూపిందనుకోండి. కొత్తవాడు వెంటనే నెట్ కంపెనీకి ఫోన్ చేసి నాలుగో రౌటర్ మీద చాడీలు చెబుతాడు. కానీ ప్యాకెట్లన్నీ దాన్ని దాటే కదా ఆఖరుకి చేరాయి! ఆ రౌటర్ మన ప్యాకెట్లని భద్రంగానే దాటిస్తోంది. మన పలకరింపుకి జవాబివ్వడమే దానికి ఆఖరి పని. లాస్ ఒక మజిలీలో మొదలై చివరిదాకా కొనసాగితేనే అక్కడ జబ్బు ఉన్నట్టు.

దారి సంగతి అలా ఉంటే, దారిలో రద్దీ సంగతి వేరు. 1990ల మధ్యలో ఇంగ్లండులోని ఓ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న టోబియాస్ ఓటికర్‌కి ఉన్నది ఒకే ఒక్క 64 కిలోబిట్ల లైన్. దాని మీద ఎంత రద్దీ ఉందో చూపడానికి ఎమ్‌ఆర్‌టీజీ రాశాడు. అది ప్రతి ఐదు నిమిషాలకీ ఎస్‌ఎన్‌ఎంపీ అనే ప్రోటోకాల్ ద్వారా రౌటర్‌ని అడిగి, ఎన్ని బైట్లు పోయాయో గ్రాఫ్ గీస్తుంది. సన్నని లైన్ బాధ తెలిసినవాడు చేసిన పరికరం కాబట్టి దీవుల వాళ్లకి అది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడా ఓ గోతి ఉంది. పాతకాలపు 32 బిట్ల కౌంటర్ గిగాబిట్ వేగంలో 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నాకి వస్తుంది. ఐదు నిమిషాలకోసారి చూసేవాడికి అది ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. లైన్ నిండిపోతున్నా గ్రాఫ్ ఖాళీగా ఉందని అబద్ధం చెబుతుంది. 64 బిట్ల కౌంటర్ అడిగితే సరి.

ఇక కాపలా కాసి మనల్ని లేపే సాఫ్ట్‌వేర్లు నాగియోస్, జాబిక్స్ వంటివి. ఒక్కసారి జవాబు రాకపోగానే నాగియోస్ గోల చేయదు. రెండు మూడు సార్లు అడిగి చూసి ఆ తర్వాతే అలర్ట్ ఇచ్చేలా పెట్టుకోవచ్చు. ఏ స్విచ్ వెనక ఏ కంప్యూటర్లున్నాయో చెప్పి ఉంచితే, స్విచ్ పోయినప్పుడు నలభై మెసేజులకి బదులు ఒకటే వస్తుంది. దీవిలో ఇంకో జాగ్రత్త కావాలి. కాపలా సర్వర్‌ని చెన్నైలో పెడితే, కేబుల్ తెగిన రోజు అది "అంతా పోయింది" అంటుంది తప్ప ప్రోతరాపూర్ గదిలో ఏ స్విచ్ బతికుందో చెప్పలేదు. ఇక్కడే పెడితే లోపలి సంగతి తెలుస్తుంది. కానీ నెట్ పోయిందన్న కబురు బయటి ఈమెయిల్‌లో పంపమంటే, ఆ ఈమెయిల్ వెళ్లాల్సింది పోయిన నెట్ మీదే! అందుకే లోపల ఒకటి, బయట ఒకటి, అలర్ట్‌కి ఆఫీసు నెట్‌తో పని లేని ఎస్ఎమ్ఎస్ మోడెమ్. సర్వర్ గదిలో యూపీఎస్ బ్యాటరీ మీద కూడా ఓ కన్ను, ఎందుకంటే కరెంటు పోయినా అందరూ అనేది "నెట్ పోయింది" అనే.

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితంగా దొరికేవే. మనం పెట్టాల్సింది ఓపిక. పక్క గది వాళ్లు "స్లో" అన్నప్పుడు అడగాల్సిన మాట "దేంతో పోలిస్తే?" అని. ఆ జవాబు వాళ్ల దగ్గర ఉండదు. ఏ ఫిర్యాదూ లేని నిన్నటి గ్రాఫ్‌లో ఉంటుంది, నిన్న గీసి పెట్టుకుని ఉంటే.