సిరంజిలో పట్టని జవాబు

ఇంటర్లో బైపీసీ తీసుకున్న పిల్లలకు ఒక ధీమా ఉంటుంది, పదో తరగతితో లెక్కల పీడ వదిలిందని. నాకూ ఉండేది. నర్సింగ్‌లో చేరాక మందుల మోతాదు పాఠం మొదలవగానే ఆ ధీమా కాస్తా పోతుంది. డాక్టరు రాసిన డోసును చేతిలో ఉన్న మందు బలంతో భాగించి, ఆ బలం ఎన్ని మిల్లీలీటర్లలో ఉందో దాంతో గుణించాలి. చూస్తే ఇది మన పాత త్రైరాశికమే. మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు, పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చాడు కూడా. ఇంత ముసలి లెక్కకు ఈ కాలం పిల్లలు జడవడమేమిటో అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. సూత్రం ఒక్క గంటలో వచ్చేస్తుంది, ఫోన్లో కాలిక్యులేటరు ఎలాగూ ఉంది. వచ్చిన జవాబు ఎంతలో ఉండాలో తెలియకపోవడమే చిక్కంతా.

ఒకసారి అట్రోపిన్ లెక్క ఇచ్చాను. కావలసింది 0.3 మిల్లీగ్రాములు, ఆంప్యూల్ మీద ఉన్నది ఒక మిల్లీలీటరులో 0.6. ఒకమ్మాయి పైదీ కిందదీ తారుమారు చేసి 2 మిల్లీలీటర్లని రాసింది. ఆంప్యూల్ తెచ్చి చేతిలో పెట్టాను.

“ఇందులో మందెంత ఉందమ్మా?”

“ఒక మిల్లీలీటరు మేడమ్.”

“మరి సగం డోసుకు రెండు ఆంప్యూళ్లు పగలగొడతావా?”

ఆ పిల్ల నవ్వేసి, చెరిపేసి, 0.5 వేసింది. అప్పటినుంచి లెక్క చేసే ముందు అందరిచేతా ఒక ముక్క రాయిస్తున్నాను: ఒక ఆంప్యూల్ కంటే తక్కువ పడుతుందా, ఎక్కువ పడుతుందా? అది రాశాకే సూత్రం. పాయింటు ముందు సున్నా తప్పనిసరి, పూర్ణసంఖ్య తర్వాత పాయింటూ సున్నా కూడదు. 5.0 లో చుక్క మసకబారితే 50 అయి కూర్చుంటుంది.

సెలైన్ లెక్క వీళ్లకు ఇష్టం, ఎందుకంటే జవాబు కళ్లముందే చుక్కలు చుక్కలుగా పడుతుంది. 500 మిల్లీలీటర్లు 8 గంటల్లో వెళ్లాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది. మొత్తం పదివేల చుక్కలు, 480 నిమిషాలు, అంటే నిమిషానికి 21. మైక్రో సెట్టయితే మిల్లీలీటరుకు 60 చుక్కలు కాబట్టి గంటకెన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు, భాగహారం బాధే లేదు. కాగితం మీద ఇక్కడితో అయిపోతుంది. వార్డులో పేషెంటు చెయ్యి మడిచినా వేగం మారుతుంది. “తొందరగా అయిపోతే ఇంటికెళ్లిపోతాం కదా సిస్టర్” అంటూ వెంట వచ్చినవాళ్లు చక్రం తిప్పేసినా మారుతుంది. అందుకే సెకన్ల ముల్లున్న గడియారం కట్టుకోమంటాను. పావు నిమిషానికి అయిదు చుక్కలు, అటూ ఇటూగా. మంచం పక్కగా వెళ్లిన ప్రతిసారీ మళ్లీ లెక్కపెట్టాలి.

నాకు నిజంగా భయం ఇన్సులిన్‌తోనే. మన మందుల షాపుల్లో అది రెండు బలాల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. సిరంజిలూ వేర్వేరు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది అర మిల్లీలీటరు. వయల్ 40ది అయితే అది సరిగ్గా 20 యూనిట్లు. వయల్ 100ది అయితే గీత 20 దగ్గరే ఉంటుంది, ఒంట్లోకి పోయేది 50. షుగరు దారుణంగా పడిపోతుంది. తారుమారైతే ఇంకో బాధ: 40 బలం మందును నారింజ మూత సిరంజిలో 20 దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే, షుగరు ఎందుకు దిగట్లేదో ఎవరికీ అంతుపట్టదు. రెండుచోట్లా లెక్క తప్పిందనడానికి లేదు, అసలు లెక్కెవరూ చెయ్యలేదు. గీత చూశారు, లాగారు. ఇంటి దగ్గర ఇంజెక్షన్ చేసేది కొడుకో కోడలో కాబట్టి, డిశ్చార్జి రోజున వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి వాళ్లచేత చదివించమని పిల్లలకు చెబుతాను.

రాత పరీక్షలో ఈ సంగతి అడగడం కష్టం. ప్రశ్నలోనే బలం ఇచ్చేస్తారు, ఇక మిగిలేది గుణకారం. అందుకే నా ప్రాక్టికల్‌లో బల్ల మీద రెండు వయల్సూ రెండు సిరంజిలూ పెట్టి, 20 యూనిట్లు తీసి చూపించమంటాను, ఇంకేమీ చెప్పను. దీనికి బోలెడు టైమ్ పడుతుందని తోటి టీచర్లు విసుక్కుంటారు. నిజమే, పోయినసారి మధ్యాహ్నం భోజనాలు ఆలస్యమయ్యాయి.