ఊరి చివరి ఏటిలో మొదలయ్యే నవల

చందమామ మాసపత్రిక కోసం దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్స్ పన్నెండు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, దాదాపు పాతికేళ్లు నెలనెలా పిల్లల్ని ఊరించారు. ఆ పేర్లు వరసగా చదివి చూడండి: కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. పన్నెండింటిలో ఏడు చోట్ల పేర్లే. వీరుడి పేరు పెట్టిన సీరియల్ ఒక్కటీ లేదు. కథ ఎక్కడికి చేరాలో ముందే చెప్పేసి, దారి మాత్రం దాచిపెట్టేవారాయన. పిల్లల సాహస నవల రాయాలనుకునేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి విద్య ఇదే అంటాను. ముందు చోటు, ఆ చోటుకో కట్టుబాటు, ఆ తర్వాతే మనుషులు.

తిరుచానూరులో పుట్టినవాళ్లకు చోట్లకేం కరువు? రాయాలనగానే చెయ్యి పద్మసరోవరం మీదికే పోతుంది. కార్తీక శుద్ధ పంచమినాడు అమ్మవారు బంగారు తామరలో వెలసిన కోనేరు అది, పంచమి తీర్థానికి ఇసుక వేస్తే రాలనంత జనం మునిగే నీళ్లు. కానీ అక్కడే చిక్కు. అమ్మవారు కథలోకి వస్తే ఏ ఆపదైనా ఆమె చూపుతోనే తీరిపోతుంది. అది స్థలపురాణానికి సొగసు, సాహస నవలకు గండి. పిల్లవాడు తన తెలివితో గట్టెక్కాలంటే దేవుళ్లు కాస్త దూరంగా ఉండాలి.

అందుకే నేనైతే ఊరి చివరి ఏరు, స్వర్ణముఖి వైపు నడవమంటాను. ఏడాదిలో చాలా రోజులు అది ఇసుకే. 2021 నవంబరులో మాత్రం ఒడ్డునున్న ఇంటిని పునాదులతో సహా లాక్కుపోయింది. నీళ్లు పారినన్నాళ్లే తెరుచుకునే లోకమొకటి ఆ ఇసుక కింద ఉందనుకోండి. కట్టుబాటు దొరికింది: నీళ్లు తియ్యకముందే బయటపడాలి. మంత్రానికైనా ఇలాంటి హద్దు ఉండాల్సిందే. ఏదైనా చెయ్యగలిగిన మాంత్రికుడంటే ఏ పిల్లాడికీ రెండో ప్రకరణం దాకా భయం నిలవదు.

ప్రకరణాన్ని ఎక్కడ తెంచాలో చందమామ సీరియల్స్ చూసి నేర్చుకోవచ్చు. నెల రోజులు ఆగాల్సిన పాఠకుణ్ణి ఆపద అంచున వదిలేవారు. వచ్చే నెల మొదట్లో నాలుగు వాక్యాల్లో జరిగిన కథ చెప్పి పని ముగించేవారు. అంచున ఆపడం ఎవరైనా చేస్తారు. ఆ గండం గడిచే ఉపాయం అంతకుముందే ఎక్కడో మామూలు వస్తువులా కనిపించి ఉండాలి, అసలు పనితనం అక్కడుంది. లేకపోతే పిల్లలు ‘మోసం’ అంటారు. వాళ్లకంటే కఠినమైన విమర్శకులు లేరు.

ఇంతకంటే పాత పద్ధతి మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’ది. దారిలో పశులకాపరి గోపాలుడికి ఏదో వింత కనబడుతుంది, మజిలీ చేరాక మణిసిద్ధుడు దాని కథ విప్పుతాడు. ప్రశ్న పిల్లవాడిది, జవాబు పెద్దవాడిది. ఇప్పటి నవలకు ఇందులో సగమే పనికొస్తుంది, ఎందుకంటే జవాబు కూడా పిల్లవాడే వెతుక్కోవాలి.

సుబ్రహ్మణ్యం గారు వీరుల్ని జంటలుగా నడిపించారు. ఖడ్గవర్మ, జీవదత్తుడు. శిఖిముఖి, విక్రమకేసరి. జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒంటరివాడైతే రచయిత వాడి మనసులో దూరి పేజీలకొద్దీ ఆలోచనలు రాయాలి. ఇద్దరుంటే ఆ ఆలోచనే మాటల్లో నడుస్తుంది, కథ పరుగు ఆగదు. పేర్లూ సగం పని చేస్తాయి. ఖడ్గవర్మ అనగానే చేతిలో కత్తి కనబడదూ!

ఇక వర్ణన. రాక్షసుడి కోరలూ కోట బురుజులూ చందమామ చిత్రకారుడు ‘చిత్ర’ గారి కుంచె చూసుకునేది కాబట్టి వాక్యం పొట్టిగా పరిగెత్తేది. నేడు నవల రాసేవాళ్లకు ప్రతి పేజీలో బొమ్మ ఉండదు. అలాగని పేరా పేరా వర్ణిస్తే పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. ఒక్క వాసన, ఒక్క చప్పుడు చాలు. తడి ఇసుక మీద మనిషిది కాని అడుగు పడితే ఎలా చప్పుడవుతుందో రాయగలిగితే బొమ్మ వచ్చేసినట్టే.

ఆ సీరియల్స్‌లో నాకు నచ్చనిదీ ఒకటుంది. కత్తి పట్టి ముందు నడిచే ఆ జంటల్లో ఇద్దరూ మగవాళ్లే. అమ్మవారి పేరు మీద బతికే ఊళ్లో కూర్చుని మళ్లీ అదే రాస్తే ఎట్లా? ఆ ఏటి లోకంలోకి దిగే ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల కావాలి. నీళ్లు ఎప్పుడు తీస్తాయో ఒడ్డున పెరిగిన ఆ పిల్లకే తెలియాలి. పక్కనున్నవాడు కత్తి పట్టుకుని తిరుగుతాడు, తిరగనివ్వండి.