గంటల్లో ముదిరే కల్లు

ఖమ్మం మైదానపు పత్తి, మిరప చేలు వెనకబడి అడవి మొదలయ్యే చోట, అంటే అశ్వాపురం, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాల నుంచి గోదావరి వెంట కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు కొండల దాకా, కోయలూ కొండరెడ్లూ తాగే కల్లు ప్రధానంగా తాడి, జీలుగు అనే రెండు చెట్ల నుంచి వస్తుంది. 2014లో ఈ సీమలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగలడంతో ఆబ్కారీ కార్యాలయాలు వేరుపడ్డాయి గాని చెట్లూ, వాటిని గీసే చేతులూ మారలేదు. ఈ కల్లును మత్తుపానీయంగా లెక్కగట్టిన రాతలు చాలానే ఉన్నా, రుచి చూసి తేల్చవలసిన పానీయంగా పరిశీలించినవి అరుదు. ఒక్క గుక్కతో చెట్టునూ, దింపిన పూటనూ, కల్లు పట్టే కుండ అయిన లొట్టి శుభ్రతనూ పసిగట్టే నేర్పు మాత్రం ఏ దేశపు మద్యపరీక్షకూ తీసిపోనిది.

లేత మద్యాన్ని పరీక్షించడంలో ప్రపంచమంతటా పేరుపడినది కాబర్నే సావిన్యో అనే నల్లద్రాక్షతో చేసే ఎర్ర వైన్. తొక్క నుంచీ గింజ నుంచీ దిగే టానిన్లు, అంటే నాలుకను పట్టేసే వగరు పదార్థాలు, లేతదనంలో దానిని కరకుగా ఉంచుతాయి కనుక పరీక్షకుడు నోట్లో ఉన్న రుచితో పాటు ఏళ్ల తరవాత రాబోయే రుచినీ అంచనా కడతాడు. 1976 మే 24న పారిస్‌లో జరిగిన పోటీలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ వారి 1973 నాటి కాబర్నే బోర్డో వైన్లను దాటినప్పుడు, తమ వైన్లు ముదిరాక తీర్పు తిరగబడుతుందని ఫ్రెంచివారు వాదించారు; 2006లో అవే వైన్లను మళ్లీ రుచి చూస్తే తొలిస్థానం మరో కాలిఫోర్నియా వైన్‌కే, రిడ్జ్ వారి 1971 నాటిదానికి, దక్కింది. కల్లు విషయంలో ఇటువంటి వాయిదా కుదరదు. పొద్దున తీపుగా దిగినది మధ్యాహ్నానికి ఘాటెక్కి, మర్నాటికి పులిసి పోతుంది కనుక, ఇక్కడ రుచి చూసేవాడు తేల్చవలసింది రాబోయే కాలాన్ని కాదు, చేతిలోని కల్లు ఆ ప్రయాణంలో ఇప్పుడు ఏ మజిలీలో ఉందన్నది.

ఆ ప్రయాణం చెట్టు మీదే మొదలవుతుంది. తాడిలో మగ, ఆడ చెట్లు వేరు. పోతుతాటిలో పూగెలలనూ, పండుతాటిలో లేతకాయల గెలలనూ నలిపి, కట్టి, కొనను రోజూ పలచగా చెక్కుతూ కింద లొట్టి కట్టడాన్నే గీత అంటారు. కారే రసంలో నూటికి పది పన్నెండు పాళ్ల దాకా చక్కెర ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి అది నీరాగా మిగులుతుంది, పూయకపోతే గాలి నుంచీ, పురుగుల ద్వారానూ, లొట్టి గోడల నుంచీ చేరిన ఈస్టులూ బాక్టీరియాలూ గంటల్లోనే చక్కెరను ఆల్కహాలుగా మార్చడం మొదలుపెడతాయి. పాత లొట్టికి అంటిన మడ్డి పాలలో తోడు వంటిది. ఆల్కహాలు సాధారణంగా నాలుగైదు శాతానికి చేరుతుంది, ఆ తరవాత ఎసిటిక్ ఆమ్లం, అంటే వినిగర్‌లోని పులుపు, పైచేయి సాధిస్తుంది. చలి రాత్రి ఈ పనిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి శీతకాలపు ఉదయం దింపిన కల్లు ఎండాకాలపు మధ్యాహ్నపు కల్లు కంటే తియ్యగా ఉండడం సహజం.

పరీక్ష కంటితో ఆరంభమవుతుంది. అప్పుడే కారిన రసం దాదాపు నీళ్లలా తేటగా ఉండి, ఈస్టు కణాలు పెరిగి తేలే కొద్దీ పాలవన్నెకు తిరుగుతుంది. పైన సన్నని నురగ ఎడతెగక లేస్తుంటే పులియడం జోరుగా సాగుతోందనీ, నురగ చచ్చి అడుగున మడ్డి పేరితే ఉడుకు అయిపోయిందనీ గ్రహించాలి. నురగను ఊది పక్కకు నెట్టి వాసన చూసినప్పుడు పండిన పండు వాసన మేలుగుర్తు, ముక్కును గుచ్చే పులుపు వాసన చేటుగుర్తు. నోట్లో మొదట తీపు, వెంటనే బొగ్గుపులుసు వాయువు చురచురా, ఆపైన లాక్టిక్ ఆమ్లపు మెత్తని పులుపు వరసగా తెలియాలి. ఎసిటిక్ పులుపు వీటికి భిన్నంగా గొంతు దగ్గర గీరుతుంది. ఈ రెండు పులుపులను విడదీసి చెప్పలేనివాడి తీర్పుకు విలువ తక్కువ. తాటాకు డొప్పలో తాగడం ముచ్చటగానే ఉంటుంది గాని పచ్చి ఆకు తన వాసనను కొంత కలుపుతుంది కనుక, పోల్చి చూడడానికి కడిగిన సొరబుర్రో ముంతో మేలు.

పోల్చేటప్పుడు ఒక్కటి తప్ప తక్కినవన్నీ సమానంగా ఉండాలన్నది వైన్ పరీక్షకూ దీనికీ ఉమ్మడి సూత్రం. ఒకే చెట్టు ఉదయపు కల్లునూ సాయంత్రపు కల్లునూ, లేదా ఒకే పూట దింపిన రెండు చెట్ల కల్లునూ పక్కపక్కన పెట్టవచ్చు. పొద్దుటి తాటికల్లునూ నిన్నటి జీలుగు కల్లునూ పోల్చి ఏది గొప్పదని తగవుపడడంలో అర్థం లేదు, ఆ తగవు ఎంత సరదాగా ఉన్నా. లేతది ముందు, ముదిరినది వెనక తాగాలి. పులుపు తగిలిన నాలుక తీపును సరిగా కొలవలేదు.

జీలుగును గురించి కొంత విడిగా చెప్పుకోవాలి. కరియోటా యూరెన్స్ అనే శాస్త్రనామం గల ఈ చెట్టునే శ్రీలంకలో కితుల్ అంటారు, దాని రసం కాచి అక్కడ పాకమూ బెల్లమూ చేస్తారు. ఇది ఏళ్ల తరబడి మానులో పిండిపదార్థాన్ని దాచుకొని, ముదిరాక తలభాగం నుంచి కిందికి ఒక్కొక్క గెలగా పూస్తూ, చివరి గెలతో తానూ ముగిసిపోతుంది. ఆ దాచిన పిండే చక్కెరై గెలలోకి పారుతుంది, దానినే గీతగాడు లొట్టిలో పడతాడు. కరువు రోజుల్లో కొండరెడ్లు ఇదే మానును నరికి, మూలుగను దంచి, పిండి తీసి తిన్నారు. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో ప్రచురించిన కొండరెడ్ల గ్రంథం వారి బతుకులో ఈ చెట్టుకున్న స్థానాన్ని నమోదు చేసింది. ఒకే నిల్వ కల్లుగానో తిండిగానో మారుతుంది, రెండూ పూర్తిగా దక్కవు. అందువల్ల జీలుగు కల్లులోని తీపు ఆ చెట్టు కూడబెట్టిన ఆస్తి ఖర్చవుతున్న రుచి అనడం అతిశయోక్తి కాదు.

తెలంగాణలోని కొన్నిచోట్ల క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలం వంటి మందులు కలిపిన కల్తీకల్లు ప్రాణాల మీదికి తెచ్చింది. అసలు కల్లు గంటగంటకూ మారుతుంది కనుక, పొద్దుటికీ సాయంత్రానికీ రుచి మారని కల్లును అనుమానించవలసిందే. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున తెరిచిన నీరా కేఫ్ వంటివి తాటిరసానికి పట్నంలో గౌరవం తెచ్చాయి, అయితే అవి అందించేది పులియని రసం, దాని విద్య వేరు. చెట్టెక్కేవారి రక్షణ కోసం 2024లో తెలంగాణ ప్రభుత్వం గీతవృత్తివారి దైవం కాటమయ్య పేరున కిట్లు పంచడం మొదలుపెట్టింది. చెట్టెక్కే తాడు, అంటే మోకు, జారి పడినవారి కుటుంబాలు ఎన్నో ఉన్న వృత్తిలో అది ఎప్పుడో జరగవలసిన పని.

మన్యంలో మిగిలిన ప్రశ్న మరొకటి. జీలుగు విత్తనంతోనే మొలుస్తుంది, గీసిన గెల కాయదు. ఒక చెట్టు గెలలన్నిటినీ గీసేస్తే ఆ చెట్టు పిల్లమొక్క లేకుండానే ఎండిపోతుంది. మేలైన కల్లు ఇచ్చిందని పేరుపడిన చెట్టుకే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఏటా అందరూ ముందుగా మోకు వేసేది దానికే.