రాత్రికి రాత్రి పెద్దమనిషి

ఎస్.జె. సూర్య 'నాని' (2004)లో 8 ఏళ్ల పిల్లవాడు ఒక శాస్త్రవేత్త ప్రయోగంతో 28 ఏళ్ల మహేష్‌బాబు అవుతాడు. ఉద్యోగం, ప్రేమ, పెళ్లి అన్నీ వచ్చిపడతాయి. రాత్రి మగవాడు, పగలు మళ్లీ పిల్లవాడు. హాస్యమంతా ఇందులోనే ఉంది.

మొదటిసారి నేనూ నవ్వాను. తర్వాత ధర్మవరంలో బంధువుల ఇంట్లో టీవీలో చూస్తుంటే నవ్వు రాలేదు. పక్కన 12 ఏళ్ల పిల్ల మగ్గానికి కండెలు చుడుతోంది. నెల కిందటే 'పెద్దమనిషి' అయింది. హిందూపురం, పెనుకొండల్లోనూ ఇదే మాట. మగవాడి విషయంలో పెద్దమనిషంటే పంచాయితీలో నలుగురూ మాట వినేవాడు. ఆడపిల్ల విషయంలో మూల కూర్చున్నది. ఓణీ వేస్తారు, బడి మాట తగ్గుతుంది, సంబంధాల మాట మొదలవుతుంది. దీనికి ఏ శాస్త్రవేత్తా అక్కర్లేదు.

నానికి పెద్దరికమంటే వీధి, జీతం, కోరిక. ఈ పిల్లకి గడప. అతనికి తెల్లారితే బాల్యం తిరిగొస్తుంది, ఈమెకు రాదు.

ఇక ప్రియ (అమీషా పటేల్). తను ప్రేమించినవాడి లోపల ఉన్నది పసివాడని ఆమెకు తెలియదు. ఆ తెలియకపోవడాన్నే సినిమా హాస్యంగా వాడుకుంది. స్త్రీ దేహంలో 8 ఏళ్ల ఆడపిల్ల మనసుంచి, ఒక మగవాణ్ణి ఆమెతో కాపురానికి పంపితే ఏ ప్రేక్షకుడు నవ్వగలడు?

అదే ఏడాది వచ్చిన హాలీవుడ్ సినిమా '13 గోయింగ్ ఆన్ 30'లో జెన్నా 30 ఏళ్ల స్త్రీగా నిద్రలేస్తుంది. తానెలాంటి మనిషిగా మారిందో చూసుకుని వెనక్కి వస్తుంది, వేరే దారి ఎంచుకుంటుంది.

2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం 18 నిండని పిల్లని బాలిక అంటుంది. మన భాష మాత్రం 12 ఏళ్లకే పెద్దమనిషిని చేస్తుంది. ఆ పిల్ల కథను తెలుగు సినిమా ఇంకా హాస్యంగానైనా, విషాదంగానైనా ఆమె వైపు నుంచి చెప్పాల్సే ఉంది.