మనము లేనివేళ మన మాట

వర్తకునకు సరకెంత ముఖ్యమో ప్రత్యుత్తరమంత ముఖ్యమని మన పూర్వులు బాగుగా ఎరిగియుండిరి. పుస్తకములును ఔషధములును సొమ్ము చెల్లించి విడిపించుకొను వి.పి.పి. తపాలా ద్వారా తెప్పించుకొను కాలమున, జవాబు కార్డు జతచేసి వ్రాసిన పల్లెటూరి మనిషికి మరుటపాలోనే ధరయు, తపాలా ఖర్చును, సరకు చేరు గడువును తెలియజేసిన దుకాణము మీద అతనికి కుదిరిన నమ్మకము అంత తేలికగా సడలెడిది కాదు. ఆ జవాబు రాజమహేంద్రవరమునుండియో చెన్నపట్టణమునుండియో రావలసినదగుటచే, వారము పదిదినములు పట్టినను అడిగినవాడు ఓర్చుకొనువాడు. ఉత్తరము ఎంత వేగమున నడచునో అతనికి తెలియును. ఇప్పుడు ఆ ఓర్పును ఎవరినుండియు కోరుటకు వీలులేదు. వాట్సాప్‌లో పంపిన ప్రశ్న చేరినట్లు రెండు టిక్కులు తెరమీద కనబడిన క్షణము మొదలుకొని, దుకాణదారు నిద్రించుచున్నను, భోజనము చేయుచున్నను, అడిగినవారి దృష్టిలో అతడు మౌనముగా నున్నవాడే యగుచున్నాడు. ఆ మౌనమును పూరించుటకై, మనము లేనివేళ మనకు బదులుగా ఒక మాట తనంతట తాను పోవునట్లు ముందుగా అమర్చియుంచు పద్ధతి ఏర్పడినది. చిన్న దుకాణములవారికి ఇట్టి జవాబులను కూర్చిపెట్టుట కొంతకాలముగా నాకు అభ్యాసమైనది. దానిని గురించియే ఈ వారము వ్రాయదలచితిని.

మంగళగిరిలో చేనేత చీరలమ్ము ఒక ఇల్లాలి సంగతి చెప్పెదను. భర్త నేయించు నిజాము అంచు నూలుచీరలను ఆమె తన వాట్సాప్ స్టేటస్‌లోను ఇన్‌స్టాగ్రామ్‌లోను ఫోటోలుగా పెట్టును. పగలంతయు దుకాణమునకు వచ్చినవారికి చీరలు విప్పి చూపుట, మడచుట, పార్సిళ్లు కట్టించుట; రాత్రి తొమ్మిదింటికి తలుపులు మూసి ఇల్లు చేరిన పిదపనే ప్రశ్నలు ముమ్మరముగా మొదలగును. డల్లాసులో వేసవినాటి మధ్యాహ్నము పన్నెండు గంటలైనప్పుడు మంగళగిరిలో రాత్రి పదిన్నర. అక్కడి ఉద్యోగిని భోజన విరామమున ఫోను చేతబట్టి, "ఎంతండీ?" యనియు, "జాకెట్టు ముక్క వస్తుందా?" యనియు, "రంగు దిగుతుందా?" యనియు, "ఇక్కడికి పంపుతారా?" యనియు అడుగుచుండగా, ఇక్కడ ఈమె మరునాటి వంటకు పప్పు నానబెట్టుకొనుచుండును. తెల్లవారి లేచి చూచుసరికి అడిగినవారిలో సగముమంది మరియొకచోట కొనివేసియుందురు. ఆమె బాధ అది.

దీనికి కావలసిన సాధనము చేతిలోనే యున్నది. 2018 జనవరిలో వెలువడిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఇందుకై మూడు అమరికలు గలవు. మొదటిది గ్రీటింగ్ మెసేజ్. తొలిసారి పలుకరించిన వారికిని, 14 దినములపాటు మాటామంతి లేక తిరిగి వచ్చినవారికిని మాత్రమే ఇది పోవును. ప్రతిదినము మాటలాడు పాత ఖాతాదారులకు ఇది చేరదు గనుక ముఖ్యమైన సంగతులన్నియు దీనిలోనే కుక్కుట వ్యర్థము. రెండవది అవే మెసేజ్. ఇది ఎల్లవేళల పోవలెనా, మనము పేర్కొన్న గంటలలోనే పోవలెనా, దుకాణపు వేళలు కానప్పుడు పోవలెనా యన్నది మనమే నిర్ణయింపవచ్చును. ఎవరికి పోవలెను, ఎవరికి పోగూడదు అన్నదియు మన యిష్టమే. ఫోనులో పేరున్నవారిని మినహాయించు వెసులుబాటును నేను అందరిచేతను పెట్టించుచుందును, ఏలయన పెండ్లి ముహూర్తము కబురంపిన మేనత్తగారికి దుకాణపు పనివేళలు జవాబుగా పోవుట మర్యాద కాదు. మూడవది క్విక్ రిప్లై. తరచుగా వ్రాయవలసిన వాక్యములను 50 వరకు దాచుకొని, ఒక గీత గుర్తును చిన్నమాటను కొట్టి పైకి రప్పించుకొనవచ్చును. ఇది తనంతట తాను పోదు, మనిషి చూచి పంపవలసినదే. అందుచేతనే ఈ మూడింటిలో నాకు దీనిమీద మక్కువ యెక్కువ.

ఇంకొక చిన్న విషయమును పలువురు గమనింపరు. అవే మెసేజ్ పోవుటకు ఆ ఫోనునకు ఇంటర్నెట్ సంబంధము ఉండవలెను. పడుకొనబోవుచు డేటా ఆపివేయు అలవాటున్నవారి దుకాణము, ఎంత చక్కని జవాబు వ్రాసిపెట్టుకొన్నను, రాత్రియంతయు మూగదియే.

సాధనమును అమర్చుటకు అరగంట చాలును. మాటను కూర్చుటయే కష్టము. ఆ ఇల్లాలు ఎక్కడనో చూచి వ్రాసికొన్న జవాబు ఇట్లుండెను: "మీ సందేశానికి ధన్యవాదములు. త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తాము." ఇందులో తప్పుమాట ఒక్కటియు లేదు, ఉపయోగపడు మాటయు ఒక్కటియు లేదు. త్వరలో ననగా గంటయో, దినమో, వారమో అడిగినవారికి తెలియదు. తలుపు తట్టినవారికి లోపలినుండి "వస్తున్నాను" అను పలుకు వినబడి, ఎంతసేపటికిని ఎవరును రాకుండిన, ఆ పలుకు వినబడకుండుటయే మేలని తోచును గదా. కావున ముందుగా ఒక ప్రశ్న వేసితిని: "అమ్మాయీ, రాత్రి వచ్చినవాటికి నీవు నిజముగా ఎన్నింటికి జవాబు వ్రాయగలవు?" పది గంటలకు దుకాణము తెరచుననియు, మొదటి బేరములు కాగానే పన్నెండు లోపల చూడగలదనియు చెప్పినది. అట్లే వ్రాయుదమంటిని. "రేపు పన్నెండు గంటల లోపల" అని ప్రారంభించితిమో లేదో, ఆమెయే ఆపినది.

"బాబాయిగారూ, రాత్రి ఒంటిగంటకు అడిగినవాళ్లకి రేపు అంటే ఏ రోజండీ?"

ఆ సందేహము ఎంత నిశితమైనదో చూడుడు. అర్ధరాత్రి దాటిన పిమ్మట చదువువారికి ఆ మాట ఒక దినమును అనవసరముగా పెంచును. డల్లాసులో ఉన్నవారికి పన్నెండనగా ఏ దేశపు పన్నెండో కూడ సంశయమే. తుదకు నిలిచిన పాఠము ఇది: "నమస్కారమండీ. దుకాణం మూసి ఉన్నప్పుడు తనంతట తానే వెళ్లే జవాబు ఇది. భారతదేశపు సమయం ప్రకారం ఉదయం పదికి తెరుస్తాం. పన్నెండు లోపల నేనే చూసి రాస్తాను. ఆదివారం సెలవు. ఫోటో మీద ఉన్న చీర నంబరు, పంపవలసిన ఊరు రాసి ఉంచండి. చీర ఉందో లేదో, పార్సిల్ ఖర్చుతో కలిపి ఎంతవుతుందో ఒకేసారి చెబుతాను." దీనిలో అలంకారము లేదు. చదివినవారికి ఎప్పటివరకు వేచియుండవలెనో, ఈలోపల తాము చేయదగినదేమో తెలియును. తెల్లవారిన పిదప ఈమెకును పది ప్రశ్నలు మరల వేయు పని తప్పును.

ధరను గూర్చి నా యభిప్రాయమును దాచుకొనను. ఫోటో క్రింద ధర వ్రాయక, అడిగినవారి కెల్ల "ఇన్‌బాక్స్ చూడండి" యని యంత్రముచేత చెప్పించు ఆచారము మన చీరల వ్యాపారమున మిక్కిలి ప్రబలినది. ధర ఎంతయని నలుగురిలో అడిగినవారికి నలుగురిలో చెప్పుటకు వెరచు వర్తకుని ఎవరు నమ్ముదురు? ధరను ఫోటోమీదనే వేసినచో వచ్చు ప్రశ్నలు సగమునకు తగ్గునని కాదు నా తాపత్రయము. ఎట్టి ప్రశ్న పుట్టనక్కర లేదో దానికి యంత్రమును నియోగించుట శ్రమను తగ్గించుట కాదు, పెంచుట.

ఇన్‌స్టాగ్రామ్ వాడువారు కొందరు ఇంకను ముందుకు పోయి, ఫలాని మాట కనబడినచో ఫలాని జవాబు పోవునట్లు అమర్చుకొందురు. ఆంగ్లమునకు ఈ పద్ధతి కొంత ఒదుగును; మన భాషకు ఒదుగుట కష్టము. మనవారు తెలుగును ఆంగ్లలిపిలో వ్రాయుచు, "ఎంత" అను రెండక్షరముల మాటను ఒకరు హెచ్ చేర్చియు, ఒకరు చేర్చకయు, మరియొకరు మొదట వై తగిలించియు వ్రాయుదురు. కొందరు "రేటు" అందురు, కొందరు "కాస్ట్" అందురు, కొందరు ఏమియు వ్రాయక ప్రశ్నార్థకమును మాత్రమే పెట్టుదురు. అన్నింటిని పట్టికలో చేర్చితిమే యనుకొందము. అప్పుడు "ఎంత అన్యాయమండీ, చీర అంచు దగ్గర చిరిగి వచ్చింది" అని వాపోయిన ఖాతాదారునకు క్షణములో ధరల పట్టిక పోవును. ఆ నిమిషమున ఆ మనిషికి కలుగు అవమానమును ఏ తగ్గింపు ధరయు తుడువజాలదు. అందుచేత చిరుగు, చేరకపోవుట, సొమ్ము వాపసు, ఈ మూడింటి జోలికి యంత్రమును పోనీయగూడదని నా నియమము. ఆ మాటలు కనబడినచోట జవాబు ఆగిపోయి, వాటికొక లేబుల్ తగిలించి, పొద్దున అన్నింటికన్న ముందు వానిని దుకాణదారు స్వయముగా చూడవలెను.

అన్నిచోట్ల మనిషియే యుండవలెనని నేననుట లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30వ తేదీన "మన మిత్ర" పేర వాట్సాప్‌లో 161 సేవలను ప్రారంభించినది. ధ్రువపత్రము కోరువారికి కావలసిన వివరములు ముందే నిర్ణయమైయుండును గనుక అక్కడ పట్టిక చూపి అంకె నొక్కుమనుట సబబైన పనియే. కార్యాలయపు గుమ్మము ఎక్కి దిగుట కన్న అది ఎన్నియో రెట్లు మేలు. చీర కొనువారు అట్లు కాదు. ఆడపడుచు సీమంతమునకు పెట్టుటకనియు, అత్తగారికి ముదురు రంగులు గిట్టవనియు, పోయిన దసరాకు తీసికొన్నదానికి జోడు కావలెననియు వారు చెప్పుకొనుచు పోవుదురు. ఆ మాటలన్నియు బేరములోని భాగమే. ఒకటి నొక్కుడు, రెండు నొక్కుడు అనినచో వారు నొచ్చుకొందురు.

ఆ ఇల్లాలికి కూర్చిన జవాబులో "తనంతట తానే వెళ్లే జవాబు ఇది" అన్న వాక్యమెందులకు, యంత్రమని చెప్పినచో ఆదరము తగ్గదా యని ఆమె అడిగినది. తగ్గదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు 1966లో ఎలైజా యను సంభాషణ యంత్రమును ప్రకటించెను. మనమన్న మాటనే కొంచెము మార్చి ప్రశ్నగా తిరిగి వేయుట తప్ప దానికి వేరు విద్య లేదు. అయినను, అది తయారగుచుండగా నెలల తరబడి చూచిన ఆయన కార్యదర్శినియే దానితో కొంచెముసేపు మాటలాడి, ఆయనను గదినుండి బయటకు పొమ్మని కోరినదని ఆయనయే వ్రాసికొన్నాడు. మనుష్యులు అంత శీఘ్రముగా హృదయమును విప్పుదురు. అట్టి నమ్మకమును, అవతల ఎవరును లేనప్పుడు, ఉన్నట్లు నటించి స్వీకరించుట ధర్మము కాదు. "నేను శ్రావణిని, మీకెట్లు తోడ్పడగలను" అని ఒక ఆడపిల్ల పేరుతో యంత్రముచేత పలికించు వర్తకులకు నేను ఏనాడును సాయపడను.

మరి యంత్రము నోట వచ్చిన మాటకు బాధ్యులెవరు? ఈ ప్రశ్న 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్ ఎదుటనే తేలినది. నాయనమ్మో అమ్మమ్మో గతించిన దుఃఖమున ప్రయాణము కట్టిన ఒక వ్యక్తికి, ఎయిర్ కెనడా వారి సంభాషణ యంత్రము, ముందు టిక్కెట్టు కొని పిదప మరణ సందర్భపు రాయితీని కోరవచ్చునని చెప్పినది. సంస్థ నియమమేమో అందుకు విరుద్ధము. ఆ యంత్రము వేరొక వ్యక్తి వంటిదనియు, దాని మాటకు అదియే బాధ్యత వహింపవలెననియు సంస్థ వాదింపగా, ట్రైబ్యునల్ ఆ వాదమును త్రోసిపుచ్చి, వడ్డీ ఖర్చులతో కలిపి 812 డాలర్లకు పైగా చెల్లింపుమని ఆజ్ఞాపించెను. మొత్తము చిన్నదే. కాని కృత్రిమ మేధచేత జవాబులు చెప్పించుటకు ఉబలాటపడుచున్న మన వర్తకులు ఈ తీర్పును బాగుగా మనసునకు పట్టించుకొనవలెను. యంత్రము పలికినను మాట దుకాణదారునిదే. చీర ఉన్నదో లేదో, ఎంత తగ్గింపగలరో, ఏనాటికి చేరునో, ఈ మూడింటిని నేను యంత్రమునకు అప్పగింపనీయను. వేళలు, దారి, తిరిగి పుచ్చుకొను నియమములు, ఉతుకు విధానము వంటి మారని సంగతులను మాత్రమే దానిచేత చెప్పింతును.

పై పాఠము పెట్టుకొన్న పిమ్మట ఆ ఇల్లాలి పని తగ్గలేదు, ఒక క్రమమునకు వచ్చినది. పది నుండి పన్నెండు వరకు ఫోను ఆమె చేతిలో నుండును. ఆ రెండు గంటలు దుకాణమున భర్త నిలుచును. అట్టి ఏర్పాటు చేసికొనలేనివారు పన్నెండని వ్రాయక సాయంత్రమని వ్రాసికొనవలెను, అందులో చిన్నతనమేమియు లేదు.

దుకాణము నడుపు పాఠకులకు ఒక విన్నపము. సంక్రాంతి సెలవులకని పెట్టిన జవాబు ఉగాది వరకు పోవుచున్న దుకాణములను నేను చూచుచునే యున్నాను. ఈ రాత్రి, దుకాణపు ఫోనులో పేరు లేని వేరొక నంబరునుండి మీ వ్యాపారపు నంబరునకు "ఉందాండీ?" యని ఒక్క ప్రశ్న పంపి చూడుడు. ఏమి వచ్చినదో కొనువారి కన్నులతో చదువుడు. అందులో చెప్పిన గంటకు రేపు నిజముగా జవాబు వ్రాయగలరా యని ఆలోచింపుడు. వ్రాయలేమని తోచినచో నిద్రించుటకు ముందే ఆ గంటను మార్చుడు.